రెండు మచ్చలు, ఒక కార్డు: విశాఖలో పిల్లల టీకాల కథ

  ఈ రోజు రాజుల గురించి, కోటల గురించి మాట్లాడటం లేదు. ముందు మీకో చిన్న పని చెప్తాను. ఇంట్లో యాభై ఐదు, అరవై దాటిన పెద్దవాళ్ళు ఉంటే వాళ్ళ చెయ్యి ఒకసారి చూడండి. ముంజేతి మీదో, భుజం మీదో గుండ్రటి మచ్చ ఉంటుంది. కొందరికి రెండు మూడు కూడా ఉంటాయి. అది మశూచి టీకా మచ్చ. నలభై ఏళ్ళ లోపు వాళ్ళకి అది ఉండదు. వాళ్ళకి ఎడమ భుజం మీద బీసీజీ మచ్చ ఒక్కటే కనిపిస్తుంది.

మా మామ్మకి చేతి మీద మచ్చ లేదు. ముఖం నిండా ఉండేవి, స్ఫోటకం మచ్చలు. చిన్నప్పుడు అడిగితే, "టీకాలోడు ఊళ్ళోకొచ్చినప్పుడు మా అమ్మ నన్ను గాదె ఎనకాల దాసీసింది రా, ఆ తరవాత ఏడే అమ్మోరు వచ్చీసింది" అని నవ్వుతూ చెప్పేది. ఆ మాట నా బుర్రలో అలా ఉండిపోయింది. కన్నతల్లి పిల్లని ఎందుకు దాచింది? ఆ టీకాలాయన ఎవరు, ఎవరు పంపితే వచ్చాడు? ఇదే విశాఖలో తర్వాత తల్లులు పిల్లల్ని ఎత్తుకుని వాళ్ళంతట వాళ్ళే పోలియో బూత్‌కి ఎలా వచ్చారు? ఇవాళ్టి కథ ఇదే.

మొదట మన వాళ్ళు ఈ జబ్బుని ఎలా చూశారో చెప్పుకోవాలి. ఉత్తరాంధ్రలో మశూచి అని ఎవరూ అనేవారు కాదు. "అమ్మవారు పోసింది" అనేవారు. గుమ్మానికి వేపమండలు కట్టి, పేషెంటుని వేరే గదిలో పడుకోబెట్టి, ఇంట్లో పోపు కూడా వేసేవారు కాదు. ఇందులో భయం ఉంది, భక్తి ఉంది, కొంత వైద్యం కూడా ఉంది. వేపమండ చూస్తే బయటివాళ్ళు లోపలికి రారు కదా. జబ్బుకి దేవత పేరు పెట్టిన సమాజానికి జబ్బు గురించి ఏమీ తెలియదని అనుకోకూడదు. ఒకసారి అమ్మవారు వచ్చిపోతే మళ్ళీ రాదని కూడా వాళ్ళకి తెలుసు. టీకా అంతా నిలబడింది ఆ ఒక్క సంగతి మీదే.

అసలు "టీకా" అనే మాట చూడండి. మన పుస్తకాల్లో టీకా అంటే వ్యాఖ్యానం, టీకా తాత్పర్యం అంటాం. ఉత్తరాదిలో టీకా అంటే బొట్టు, గుర్తు. జెన్నర్ కంటే ముందే బెంగాల్ వైపు టీకాదార్లు ఉండేవారు. మశూచి పొక్కులోని రసాన్ని కొంచెం తీసి, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ చేతి మీద గీసి ఎక్కించేవారు. జబ్బు తేలిగ్గా వచ్చి పోయేది. అయితే అప్పుడప్పుడు గట్టిగానే వచ్చేది, వాళ్ళ నుంచి ఇంకొకళ్ళకి అంటుకునేది కూడా. 1796లో ఇంగ్లండులో ఎడ్వర్డ్ జెన్నర్ ఆవుల్లో వచ్చే పొక్కుల రసంతో అదే రక్షణ వస్తుందని చూపించాడు. ఆ మందు బాగ్దాద్, బస్రా మీదుగా బొంబాయి చేరింది. 1802 జూన్ 14న అన్నా డస్ట్‌హాల్ అనే మూడేళ్ళ పాపకి వేశారు. మన దేశంలో మొదటి టీకా అదే.

అప్పట్లో ఫ్రిజ్‌లు లేవు, ఐసు లేదు. మరి ఆ మందు ఊరూరా ఎలా తిరిగింది? పిల్లల చేతుల మీదే. ఒక పిల్లకి టీకా వేస్తే వారం రోజులకి పొక్కు వస్తుంది. ఆ పొక్కు రసం తీసి ఇంకో పిల్లకి వేస్తారు. ఆ పిల్ల నుంచి మరో పిల్లకి. ఒక చెయ్యి నుంచి ఇంకో చేతికి. అంటే టీకాలాయన పక్క ఊరికి వెళ్ళాలంటే చేతి మీద పొక్కున్న పిల్లని వెంట తీసుకెళ్ళాలి! ఎవరి బిడ్డని ఎవరు పంపుతారు? పైగా ఎవరి ఒంటి రసమో తెచ్చి నా బిడ్డకి ఎక్కించడం ఏంటి అనే ప్రశ్న. ఇందులో కులం పట్టింపు ఉంది, నిజమే. కానీ ఒకరి ఒంట్లోంచి ఇంకొకరికి వేరే జబ్బులు కూడా పాకే ప్రమాదం నిజంగానే ఉంది. కాబట్టి ఆ తల్లుల భయం ఉత్త అజ్ఞానం కాదు.

అప్పటి విశాఖపట్నం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. టీకాల వ్యవహారం అంతా మద్రాసు నుంచి నడిచేది. 1880లో టీకాల చట్టం వచ్చింది. ప్రభుత్వం ప్రకటించిన చోట్ల పాత పద్ధతిలో మశూచి రసం ఎక్కించడం నిషేధం. ప్రభుత్వం ప్రకటించిన పట్టణాల్లో పిల్లలకి టీకా తప్పనిసరి. తర్వాత మద్రాసు గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్ వచ్చింది. అక్కడ దూడల మీద పొక్కులు తెప్పించి మందు తయారు చేసి జిల్లాలకి పంపేవారు. పిల్లల్ని ఊళ్ళు తిప్పే బాధ తప్పింది. కానీ దూడ నుంచి తీసినది అనేసరికి కొందరికి ఇంకో అభ్యంతరం. ఎండకి మందు పాడైపోతే టీకా వేయించుకున్నా పొక్కు రాదు. "వేయించుకున్నా అమ్మోరు వచ్చింది కదా" అని ఊరంతా చెప్పుకుంటుంది. ఒక్క పాడైపోయిన సీసా వంద మంది నమ్మకాన్ని పోగొడుతుంది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, ఈ కథలో మళ్ళీ వస్తుంది.

ఇక మన ఊరు సంగతి. 1923లో ఇక్కడ వైద్య కళాశాల మొదలైంది, అదే ఇవాళ్టి ఆంధ్రా మెడికల్ కాలేజీ. అదే ఏడాది కింగ్ జార్జ్ ఆసుపత్రి, మన కేజీహెచ్. 1933లో పోర్టు తెరిచారు. పోర్టు అంటే ఓడలు మాత్రమే కాదండి. ఓడలకి కూలీలు కావాలి, కూలీలకి పాకలు కావాలి. శ్రీకాకుళం వైపు నుంచి, ఒడిషా నుంచి, గోదావరి జిల్లాల నుంచి జనం వచ్చి చేరారు. అంతకుముందు నుంచే మన తీరం నుంచి తెలుగువాళ్ళు రంగూన్ ఓడలెక్కి కూలికి పోయి వస్తుండేవారు. జనం కదిలే చోట జబ్బు కదులుతుంది. జనం కదిలే చోట టీకా లెక్క కూడా తప్పిపోతుంది. నిన్న వేసిన పిల్ల ఇవాళ ఇంకో ఊళ్ళో ఉంటుంది. ఓడరేవు ఊరికి ఈ తలనొప్పి పుట్టుకతోనే ఉంది.

స్వాతంత్ర్యం వచ్చాక 1962లో జాతీయ మశూచి నిర్మూలన కార్యక్రమం పెట్టారు. అందరికీ టీకాలు వేసేస్తే జబ్బు పోతుందని మొదటి ఆలోచన. కోట్ల టీకాలు వేశారు. కాగితం మీద అంకెలు బ్రహ్మాండంగా ఉన్నాయి. జబ్బు మాత్రం పోలేదు. ఎందుకు? సులువుగా దొరికే బడిపిల్లలకి రెండోసారి, మూడోసారి వేశారు. దొరకనివాళ్ళు ఎప్పటికీ దొరకలేదు. పసిపిల్లలు, వలసవాళ్ళు, ఊరి చివర పాకలవాళ్ళు. తర్వాత పద్ధతి మార్చారు. ఎన్ని వేశాం అని లెక్కపెట్టడం పక్కన పెట్టి, జబ్బు ఎక్కడుంది, ఎవరు మిగిలారు అని వెతకడం మొదలుపెట్టారు. పేషెంటు ఫోటో ఉన్న కార్డు పట్టుకుని ఇంటింటికీ, సంతల్లో, బడుల్లో "ఇలాంటి మనిషిని చూశారా" అని అడిగారు. కేసు దొరికితే ఆ ఇంటి చుట్టూ అందరికీ టీకా. గుండ్రంగా తిప్పే పాత పరికరం పోయి, రెండు మొనల సన్న సూది వచ్చింది. 1975 మే నెలతో దేశంలో మశూచి ఆగిపోయింది. 1977లో భారతదేశం విముక్తి పొందిందని ప్రకటించారు, 1980లో ప్రపంచమంతా. అందుకే మన చేతుల మీద ఆ మచ్చ ఒక తరంతో ఆగిపోయింది.

రెండో మచ్చ బీసీజీ. దీని కథ అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లె నుంచి మొదలవుతుంది. అక్కడి ఆరోగ్యవరంలో పెద్ద క్షయ శానిటోరియం ఉండేది. 1948లో బీసీజీని మొదట ప్రయత్నించిన చోట్లలో మదనపల్లె ఒకటి. 1951 నుంచి దేశమంతా పెద్ద ఎత్తున వేశారు. అప్పుడు గట్టిగా వ్యతిరేకించింది ఎవరనుకుంటున్నారు? రాజాజీ. మద్రాసు ముఖ్యమంత్రిగా చేసిన మనిషి, దేశానికి గవర్నర్ జనరల్‌గా చేసిన మనిషి. 1955లో తాను బీసీజీని ఎందుకు వ్యతిరేకిస్తున్నానో పుస్తకమే వేశారు. ఆరోగ్యంగా ఉన్న లక్షల పిల్లలకి, ఫలితం గట్టిగా తేలకుండా, మందు ఎక్కించడం ఏమిటన్నది ఆయన వాదన.

దీన్ని నవ్వి వదిలేయడానికి లేదు. 1968లో మద్రాసు పక్కన చెంగల్పట్టు జిల్లాలో సుమారు 2 లక్షల 60 వేల మందితో ఒక పెద్ద పరీక్ష మొదలుపెట్టారు. పెద్దవాళ్ళకి వచ్చే ఊపిరితిత్తుల క్షయని బీసీజీ ఆపలేకపోయిందని తేలింది. అయితే పసిపిల్లల్లో మెదడుకి పాకే క్షయ, ఒళ్ళంతా పాకే క్షయ, ఈ రెండు ప్రాణాంతకమైన వాటి నుంచి అది కాపాడుతుందని వేరే అధ్యయనాల్లో తేలింది. అందుకే ఇవాళ పుట్టగానే వేస్తున్నాం. నాకు ఇందులో కనిపించేది ఏమిటంటే, ప్రశ్న అడిగినవాడు శత్రువు కాడు. పరీక్ష పెట్టి, వచ్చిన జవాబు దాచకుండా చెప్పి, దాని ప్రకారం పద్ధతి మార్చుకున్నారు. నమ్మకం నిలబడేది అలాగే.

1985 నవంబరులో సార్వత్రిక టీకాల కార్యక్రమం మొదలైంది. క్షయ, పోలియో, కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, తట్టు, ఈ ఆరు జబ్బులకి. 1990 నాటికి అన్ని జిల్లాలకీ వచ్చింది. ఆ రోజుల్లోనే ఇక్కడ స్టీల్ ప్లాంట్ కడుతున్నారు. 1992లో జాతికి అంకితం చేశారు. ఉక్కునగరంలో క్వార్టర్లు, ఆసుపత్రి, ప్రతి ఇంటికీ నంబరు. గేటు బయట గాజువాక, పెదగంట్యాడ వైపు నిర్వాసితుల కాలనీలు, కాంట్రాక్టు కూలీల అద్దె గదులు. టీకా లోపలా అదే, బయటా అదే. తేడా అడ్రసులో ఉంది. నంబరున్న ఇంట్లో పిల్ల లిస్టులో ఉంటుంది. ఆరు నెలలకోసారి గది మారే వాళ్ళ పిల్ల ఏ లిస్టులో ఉంటుంది?

ఇక్కడ ఏఎన్ఎం గారి గురించి చెప్పాలి. మన రాష్ట్రంలో టీకాలంటే బుధవారం, శనివారం. ఒక రోజు సబ్ సెంటర్లో, ఇంకో రోజు అంగన్‌వాడీ దగ్గర. పొద్దున్నే పీహెచ్‌సీ నుంచి నీలం రంగు డబ్బా వస్తుంది, లోపల ఐస్ ప్యాకులు. మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వేడెక్కితే పోలియో చుక్కలు పాడైపోతాయి. గడ్డకడితే డీపీటీ లాంటివి పాడైపోతాయి. అందుకే ఐస్ ప్యాకుని కాసేపు బయట పెట్టి, ఊపితే లోపల నీళ్ళు కదిలిన చప్పుడు వచ్చాకే డబ్బాలో పెడతారు. సీసా మీద చిన్న చదరపు గుర్తు ఉంటుంది, వేడి తగిలే కొద్దీ రంగు మారుతుంది. అది చూసి వెయ్యాలో పారెయ్యాలో చెప్పేస్తారు. నూరేళ్ళ కిందట ఎండలో పాడైన సీసా గురించి చెప్పాను కదా, దానికి జవాబు ఇది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చి ఊరంతా కరెంటు లేక అల్లాడిన రోజులు మనందరికీ గుర్తే. ఇంట్లో పాలు విరిగిపోతుంటే చిరాకు పడ్డాం. ఫ్రిజ్‌ల మీద ఆధారపడిన టీకా వ్యవస్థకి అలాంటి రోజులు ఎంత పరీక్షో అప్పుడు నాకు తట్టలేదు.

1995 డిసెంబరులో పల్స్ పోలియో వచ్చింది. ఆదివారం బూత్, తర్వాత ఇంటింటికీ. పిల్ల చిటికెన వేలికి సిరా గుర్తు. ఇంటి గోడ మీద సుద్దముక్కతో పి అని రాస్తే ఆ ఇంట్లో అందరికీ అయిపోయినట్టు. ఎక్స్ అని రాస్తే ఇంకా ఎవరో మిగిలినట్టు, మళ్ళీ రావాలి. చూశారా, మశూచి నేర్పిన పాఠమే ఇది. వేసినవి కాదు, మిగిలినవి లెక్కపెట్టు. రైల్వే స్టేషన్లో, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో వేరే బృందాలు. జాలారిపేట లాంటి చోట మనుషులు వేట నుంచి ఎప్పుడొస్తారో, ఆడవాళ్ళు చేపల బేరం నుంచి ఎప్పుడొస్తారో తెలిసిన మనిషి వెళ్తేనే పని జరుగుతుంది. 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్ హౌరాలో వచ్చిన కేసే దేశంలో చివరి వైల్డ్ పోలియో కేసు. 2014 మార్చి 27న మన ప్రాంతం పోలియో రహితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది.

ఈ కథలో తెలుగువాళ్ళు మందు వేయించుకున్న వాళ్ళే కాదు, మందు చేసినవాళ్ళు కూడా. హైదరాబాదులో కె.ఐ. వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్-బి టీకా తెచ్చింది. విదేశీ టీకా సామాన్యుడికి అందని రోజుల్లో ధర దిగొచ్చింది. తర్వాత రోటా వైరస్ విరేచనాలకి భారత్ బయోటెక్ చేసిన టీకాని 2016లో ప్రభుత్వం మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

మంచి మాత్రమే చెప్తే చరిత్ర కాదు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకి గర్భాశయ ముఖ క్యాన్సర్ టీకా, హెచ్‌పీవీ, ప్రయోగాత్మకంగా వేశారు. సుమారు పద్నాలుగు వేల మంది అమ్మాయిలు, చాలామంది గిరిజన పిల్లలు. కొందరు చనిపోయారన్న వార్తలతో 2010లో కార్యక్రమం ఆపేశారు. ఆ మరణాలకి టీకా కారణమని విచారణలో తేలలేదు. కానీ ఇంకోటి తేలింది. చాలా ఫారాల మీద తల్లిదండ్రుల సంతకాలు లేవు, హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదే కావచ్చు. అడగకుండా వేస్తే, గాదె వెనకాల పిల్లని దాచిన ఆ తల్లి దగ్గరికే మనం మళ్ళీ వెళ్ళిపోతాం.

ఇప్పుడు మన జిల్లా సంగతి. 2014 డిసెంబరు 25న మిషన్ ఇంద్రధనుష్ మొదలుపెట్టినప్పుడు, టీకాలు అందని పిల్లలు ఎక్కువగా ఉన్న 201 జిల్లాల్ని ముందు తీసుకున్నారు. అందులో అప్పటి విశాఖపట్నం జిల్లా ఉంది. పోర్టు, స్టీల్ ప్లాంట్, మెడికల్ కాలేజీ ఉన్న జిల్లా ఆ లిస్టులో ఎందుకుంది? ఎందుకంటే అదే జిల్లాలో పాడేరు, చింతపల్లి, ముంచింగిపుట్టు కూడా ఉన్నాయి. కొండ మీద పది ఇళ్ళ ఊరు, రోడ్డు ఉండదు, గర్భిణిని డోలీలో మోసుకు రావాలి. అక్కడ ఇంకో చిక్కు. తట్టు టీకా సీసా ఒకసారి కలిపితే నాలుగు గంటల్లో వాడేయాలి. సీసాలో చాలా డోసులుంటాయి, ఊళ్ళో పిల్ల ఒక్కతే. ఒక్క పిల్ల కోసం సీసా తెరవాలా? తెరవాలనే నియమం. తెరవడానికి చెయ్యి వెనకాడుతుంది. "వచ్చే నెల రండమ్మా" అంటే ఆ తల్లి మళ్ళీ కొండ దిగుతుందా?

రాష్ట్రం మొత్తం మీద 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పూర్తి టీకాలు పడిన పిల్లలు సుమారు 65 శాతం. 2019-20లో సుమారు 73 శాతం. పెరిగింది, సంతోషమే. కానీ నలుగురిలో ఒకరికి పైగా మిగిలారు. తట్టు లాంటి జబ్బు ఆగాలంటే 95 శాతం దాకా ఉండాలి. 2022లో జిల్లా మూడు ముక్కలయ్యాక నగరం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లా లెక్కలు వేరయ్యాయి. ఒకందుకు మంచిదే. నగరం అంకె కింద కొండ అంకె దాక్కోవడానికి ఇప్పుడు వీల్లేదు.

చివరగా నా సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. మేము గాజువాక నుంచి మధురవాడ మారినప్పుడు మా పాపకి రెండో ఎంఆర్ డోసు, అంటే తట్టు, రుబెల్లాది, మర్చిపోయాం. ఎవరూ భయపెట్టలేదు, మాకు నమ్మకం లేకా కాదు. సామాన్ల పెట్టెలో కార్డు ఉండిపోయింది, అంతే. ఒక రోజు వాచ్‌మన్ వాళ్ళ బాబు కోసం వచ్చిన ఆశా కార్యకర్త, "పైన ఫ్లాట్లలో చిన్నపిల్లలు ఎవరైనా ఉన్నారా అండి" అని అడుగుతూ మా తలుపు కొట్టింది. కార్డు వెతికి ఇస్తే వేలు పెట్టి చూపించింది. "సార్, ఇది ఖాళీగా ఉంది." చదువుకున్న ఇంట్లో, చరిత్ర మాట్లాడే మనిషి ఇంట్లో ఖాళీ గడి! నాకు చాలా సిగ్గనిపించింది. "మళ్ళీ మొదటి నుంచి వేయించాలా?" అంటే, "అక్కర్లేదండి, ఆగిన చోటు నుంచే. ఐదేళ్ళ లోపు ఇది వేసెయ్యొచ్చు, శనివారం తీసుకురండి" అంది.

శనివారం వెళ్తే ఏఎన్ఎం గారు నాలుగు మాటలు చెప్పారు. ఏ టీకా వేశాను, జ్వరం వస్తే ఏం చెయ్యాలి, మళ్ళీ ఎప్పుడు రావాలి, కార్డు జాగ్రత్త. అరగంట అక్కడే కూర్చోమన్నారు. పక్కన ఒక మామ్మగారు మనవడిని పట్టుకుని "ఏటమ్మా, మళ్ళీ సూదేనా, రేతిరంతా ఏడుస్తాడు" అంటోంది. ఏఎన్ఎం గారు విసుక్కోలేదు. "ఒక్క రోజు ఏడుస్తాడు అమ్మా, ఈ సిరప్ ఎంత పొయ్యాలో చెప్తాను చూడండి" అన్నారు. రెండు వందల ఏళ్ళ కథ అంతా నాకు అక్కడ కనిపించింది. చట్టం పెట్టినా పిల్లల్ని దాచారు. కూర్చుని జవాబు చెప్పే మనిషి ఉంటే తీసుకొచ్చారు.

కాబట్టి ఈ వీడియో అయ్యాక మీ పిల్లల కార్డు తీసి చూడండి. మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పిల్లలు, పక్కన బిల్డింగ్ పనికి వచ్చినవాళ్ళ పిల్లలు ఉంటే, వాళ్ళ సంగతి మీ ఏరియా ఆశా కార్యకర్తకి ఒక మాట చెప్పండి. ఆమె లిస్టులో ఒక పేరు పెరుగుతుంది. మీ ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పిన టీకాల కబుర్లు ఉంటే రాసి పంపండి, చదువుతాను.